గీత మందం ఎనిమిది అడుగులు

నాకు ఎవరూ ఓటు వేయలేదు. నేను జీపెక్కి దండాలు పెట్టిందీ లేదు, గోడల మీద నా బొమ్మ అంటించుకున్నదీ లేదు. అయినా బెజవాడలో కొన్ని వీధులు ఎక్కడ వంగాలో, ఎక్కడ వంగకూడదో కాగితం మీద పెట్టింది నేనే. నా చేతిలో ఉన్న ఆయుధాలు ఒక ఇంకు పెన్ను, ఒక స్కేలు, ఒక సగం బ్లేడు.

రిటైరైన రోజున మైకు ముందు ఒకాయన నన్ను నగర రూపశిల్పి అన్నారు. అంతకు ముందు నెల రిటైరైన జీపు డ్రైవర్ని కూడా అలాగే అన్నారు కాబట్టి నేనేమీ ఉబ్బిపోలేదు. ట్రేసర్‌గా చేరి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా దిగాను. నా ప్రమోషన్ల చరిత్ర అంతటితో సమాప్తం. ఆఫీసు పేరు రాయను, పెన్షన్ మీద బతుకుతున్నదాన్ని.

మా వీధిలో లావణ్య అని ఒక అమ్మాయి ఉంది. ఈమధ్యే వార్డులో ప్లానింగ్ సెక్రటరీగా చేరింది. "ఆంటీ, ఆఫీసులో అసలు పవరు ఎవరి దగ్గరుంటదండీ?" అని అడిగింది. పాపం, పరీక్షలో ఆ ప్రశ్న వచ్చి ఉంటుంది. నాలుగు ఆప్షన్లలో ఒకటి కరెక్టని అనుకుంటోంది. ఆ అమ్మాయికి నోటితో చెబితే అరగంటలో కొట్టిపారేస్తుందని రాసిపెడుతున్నాను.

మక్కికి మక్కి

ట్రేసర్ అంటే కింద పాత ప్లాను పెట్టి, పైన పల్చటి కాగితం పరిచి, కింద ఉన్నది ఉన్నట్టు పైకి దించే మనిషి. నాకు పని నేర్పింది అప్పటి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ శేషగిరి గారు. పొడుం పీల్చేవారు. తుమ్ము వచ్చినప్పుడు మాత్రం ప్లాను మీంచి మొహం పక్కకు తిప్పుకునేంత వృత్తి ధర్మం ఉన్నవారు.

"అమ్మాయ్, నీకు బుర్ర ఉందని తెలుస్తోంది. రేపట్నించి దాన్ని ఇంటి దగ్గర పెట్టి రా" అన్నారు మొదటి రోజే. "ఇక్కడ మక్కికి మక్కి. ఒరిజినల్లో ఈగ చచ్చిపడి ఉంటే ఈగని కూడా దించాలి. కాళ్ళు లెక్కపెట్టి మరీ దించు."

నేను మంచి శిష్యురాలిని. ఒక పాత ప్లాను మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు. గుండ్రటి మరక పడింది. నేను దాన్ని శ్రద్ధగా దించాను. పైవాళ్ళు దానికి నీలం రంగు వేయించారు. ఏడాది తిరిగేసరికి ఆ చెరువు చుట్టుపక్కల ఇళ్ళకు అనుమతులు ఆగిపోయాయి. ఇంకొన్నాళ్ళకు ఒక అధికారి స్వయంగా వెళ్ళి చూసొచ్చి, చెరువు పూర్తిగా ఆక్రమణకు గురైందని రిపోర్టు రాశారు. టీ మరక అని నేను చెప్పబోతే శేషగిరి గారు నా కాలు తొక్కారు. "రిపోర్టు పడ్డాక అది చెరువే" అన్నారు.

ఈ ఒక్క ముక్కా నోటితో చెబితే లావణ్య పడీపడీ నవ్వింది. నేనూ అప్పట్లో నవ్వాను. ఆ ఇళ్ళవాళ్ళు నవ్వినట్టు గుర్తులేదు.

బిర్యానీ వేళ

ఓట్లతో గెలిచినవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళదే కదా అధికారం అంటుంది లావణ్య. ఉంటారు. కౌన్సిల్ మీటింగు రోజున వస్తారు. పదిన్నరకు మొదలయ్యే మీటింగులో మొదటి అంశం ఎప్పుడూ వీధి దీపమో, మురుగు కాలవో ఉండేటట్టు మేం చూసుకునేవాళ్ళం. దాని మీద మూడు గంటలు అరుచుకునేవాళ్ళు. ఒకరు మైకు లాక్కునేవారు, ఇంకొకరు నేల మీద బైఠాయించేవారు. పేపరువాళ్ళకు ఫొటోలు దొరికేవి. ఒకటిన్నరకు వెనక తలుపు తెరుచుకుని బిర్యానీ పొట్లాల వాసన వచ్చేది. అప్పటికి ఇంకా ఎనభై అంశాలు మిగిలి ఉండేవి.

"ఆమోదమా?"

"ఆమోదం, ఆమోదం."

ఊరి మాస్టర్ ప్లాన్లో మార్పులు, స్థలాల కేటాయింపులు, రోడ్డు వెడల్పులు, అన్నీ ఆ ఎనభైలో ఉండేవి. బిర్యానీ ఎన్నింటికి రావాలో చెప్పే పని మీటింగులు చూసుకునే సూపరింటెండెంటు గారిది. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఒకసారి హోటలువాడు తొందరపడి పదకొండున్నరకే పొట్లాలు తెచ్చేశాడు. సూపరింటెండెంటు గారు గేటు దగ్గర ఆ ఆటోకు అడ్డం నిలబడ్డారు. "నా ఉద్యోగం పీకించేటట్టున్నావయ్యా. కడుపు నిండితే తీరిగ్గా అజెండా చదువుతారు. తిప్పు, బెంజి సర్కిల్ దాకా పోయి రా" అని తరిమారు.

తనకు తానే ఉత్తరం

ఆ బిర్యానీ ఖర్చు కూడా లేని రోజులు వచ్చాయి. పాలకవర్గం గడువు తీరిపోయింది, ఎన్నికలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో కోర్టుకు తెలుసు, గవర్నమెంటుకు తెలుసు, నాకు తెలియదు. ఎన్నికలు లేనప్పుడు పాలకవర్గం చేసే పని కూడా ఒక ఆఫీసరే చేస్తారు. ఆయన్ని స్పెషలాఫీసర్ అంటారు. మా దగ్గర ఆయనా, ఆఫీసును నడిపే అధికారీ ఒక్కరే. మేమందరం పెద్దసారు అనేవాళ్ళం.

ఆయన వేరే జిల్లా నుంచి వచ్చారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో ఐడీ కార్డు, బల్ల మీద మంచినీళ్ళ సీసా. పనిమంతుడు, లంచం తీసుకోని మనిషి. లంచం తీసుకోని మనిషికి తను చేసేదంతా మంచే అనిపిస్తుంది. ఆ జబ్బుకు మా ఆఫీసులో మందు లేదు.

పద్ధతి ప్రకారం ఆఫీసు నుంచి పాలకవర్గానికి ప్రతిపాదన వెళ్ళాలి. కాబట్టి పెద్దసారు పెద్దసారుకు ఉత్తరం రాసేవారు. "ఈ విషయమును తమ అమూల్యమైన పరిశీలనకు సమర్పించుచున్నాను" అని సంతకం చేసి, ఆ కాగితం కింద పెట్టి, రెండో కాగితం తీసి, "సభ్యులు కూలంకషంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని దాని మీద కూడా సంతకం చేసేవారు. సభ్యులు ఆయనే, చర్చ ఆయనే, ఏకగ్రీవమూ ఆయనే. ఒక రోజు ఫైళ్ళు ఎక్కువై, పొరపాటున తన ఉత్తరం మీద తానే "చర్చించండి" అని రాశారు. ఫైలు బయటికి తెచ్చిన అటెండరు నాగులు నన్ను అడిగాడు. "మేడమ్, ఇప్పుడు ఎవుర్ని లోపలికి పంపమంటారు?"

లావణ్యా, "చర్చించండి" అనే మాట గుర్తుపెట్టుకో. ఫైలు మీద అది రాస్తే, కాదన్నట్టు కాదు, అవునన్నట్టూ కాదు. ఫైలుకు కునుకు పట్టించే మందు అది.

మార్కరు

గన్నవరంలో విమానం దిగినవాళ్ళు ఊళ్ళోకి రావడానికి ఇంకో అందమైన దారి ఉండాలని పెద్దసారుకు అనిపించింది. గుణదల దాటాక కాలవ పక్కన ఒక పాత రోడ్డు ఉంది. ఒక పక్క నీళ్ళు, రెండో పక్క ఇళ్ళు. గోడకు తగిలించిన ప్లాను ముందు నిలబడి ఆయన దాన్ని చూశారు.

"ఇదేంటి సుగుణ గారూ, ఇన్ని మెలికలు తిరిగింది?"

"కాలవ అలా తిరిగింది సార్. రోడ్డు దాని పక్కనే పోయింది."

"కాలవ తిరిగితే మనమూ తిరగాలా?"

నా దగ్గర స్కేలు ఉంది. ఆయన దగ్గర మార్కరు ఉంది. తెల్లబోర్డు మీద మీటింగుల్లో రాసే లావుపాటి ఎర్ర మార్కరు. బల్ల మీది ఫైలు అట్టను ప్లాను మీద ఆనించి, ఇళ్ళ వైపున ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గీత లాగారు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు. ఆ గీత దాకా రోడ్డన్నమాట. కొన్నిచోట్ల అరుగులు పోతాయి, కొన్నిచోట్ల ఏమీ పోవు. అప్పటికి అలాగే అనుకున్నాం.

"సాయంత్రానికి ఫెయిర్ చేసి ఇవ్వండి. తీర్మానంలో పెట్టాలి."

మా సెక్షన్లో కంప్యూటరు ఉంది. దాన్ని నడిపే కుర్రాడు అన్నవరం వెళ్ళాడు. అందుకని పాత పద్ధతిలో చేత్తోనే దించాను. ఇక్కడే నేను చేసిన ఘనకార్యం. మామూలుగా రోడ్డు హద్దును మేం వెంట్రుకంత సన్నటి గీతతో చూపిస్తాం. ఆ సంగతి నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా పెద్దసారు స్వహస్తాలతో గీసిన గీత కదా, సన్నం చేస్తే నేనెవర్ని అనిపించింది. మార్కరు గీతకు ఈ అంచూ ఆ అంచూ స్కేలు పెట్టి గీసి, మధ్యలో ఎర్ర ఇంకు నింపాను. మక్కికి మక్కి. శేషగిరి గారు బతికి ఉంటే చాలా సంతోషించేవారు.

పెద్దసారూ సంతోషించారు. ఆ సాయంత్రమే సభ్యులు కూలంకషంగా చర్చించారు.

ఏ అంచు

వారం తర్వాత సర్వేయరు సూర్యం ప్లాను ప్రింటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇళ్ళ మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టడానికి వెళ్తున్నాడు. నేను క్యారేజీ విప్పుకుని గోంగూర కలుపుకుంటున్నాను.

"మేడమ్, గీత లావుగా ఉంది గదా. లోపలి అంచు పట్టుకోనా, బయటి అంచు పట్టుకోనా?"

లోపలి అంచు రోడ్డు వైపుది, బయటి అంచు ఇళ్ళ వైపుది. నేను తల కూడా ఎత్తలేదు.

"బయటిదే పట్టుకోండి. తర్వాత తగ్గించొచ్చు గానీ పెంచలేం."

ఇది నా సొంత తెలివి కాదు, ఆఫీసు తెలివి. తీసుకునేటప్పుడు ఎక్కువ తీసుకో, ఎవరైనా గట్టివాడు వచ్చి అడిగితే తగ్గించు. ముప్పై ఏళ్ళు ఆ గాలి పీల్చాక అది మన మాటే అయిపోతుంది. సూర్యం సరేనని వెళ్ళిపోయాడు. నేను రెండో ముద్ద కలుపుకున్నాను. అందులో ఉప్పు తక్కువైందని కూడా అనుకున్నాను.

వీరాస్వామి గారు

మరో పది రోజులకు మా సెక్షన్లోకి ఒక పెద్దాయన వచ్చారు. నోటీసు ఒక చేతిలో, ప్లాను జిరాక్సు ఒక చేతిలో. పేరు వీరాస్వామి. నేతపని. తండ్రి హయాంలో డెల్టా నుంచి వచ్చి ఆ కాలవ పక్క వీధిలో ఇల్లు కట్టుకున్నారు. వీధిలో ఒకప్పుడు నాలుగు మగ్గాలు ఆడేవట. మిగిలింది ఈయనది ఒక్కటే. ఆయనా, భార్య నాంచారమ్మ గారూ కలిసి నేస్తారు.

"అరుగు తీసుకోండమ్మా, కాదన్ను. వరండా తీసుకోండి. ముందు గది వదిలెయ్యండి. కాళ్ళు పెట్టి తొక్కే మగ్గం గుంట అందులో ఉంది" అన్నారు.

"గుంటే కదండీ. వెనక గదిలో తవ్వుకోలేరా?" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయనకు కోపం రాలేదు. కొత్త కోడలికి వంట చెప్పినట్టు నాకు నెమ్మదిగా చెప్పారు. "పడుగు దారాలు లాగి కట్టాలంటే గదికి పొడుగుండాలమ్మా. వెనక గదికి లేదు. వెలుతురూ రాదు. నా చూపు ఎటూ తగ్గింది, ముందు కిటికీ ఉంది కాబట్టి నేస్తన్నా. గుంట పోతే ఇంక నా చేత ఇంకో పని ఏదీ కాదు."

తర్వాత జిరాక్సు నా బల్ల మీద పరిచి, ఎర్ర గీత మీద వేలు పెట్టారు. జిరాక్సులో అది నల్లగా, ఇంకా లావుగా ఉంది.

"నాకు తెలవక అడుగుతున్నా. ఇది ఇంత వెడల్పుంది గదా. ఈ వెడల్పు నేల మీద ఎంత అవుద్ది?"

ఆ ప్రశ్న పెద్దసారు అడగలేదు. తీర్మానం రాసిన సూపరింటెండెంటు అడగలేదు. గీసిన నేను అడగలేదు. దారం పోగును వేలితో తడిమి చూసి బతికే మనిషికి మాత్రం వచ్చింది. నేను ఒరిజినల్ తీసి స్కేలు పెట్టాను. గీత మందం రెండున్నర మిల్లీమీటర్లు. మా ప్లానులో ఒక సెంటీమీటరంటే నేల మీద పది మీటర్లు. లెక్క వేసి, ఇంకోసారి వేసి, ఎనిమిది అడుగులండీ అన్నాను.

"మా గుంట ముందు గోడకి ఆరడుగుల్లో ఉందమ్మా" అన్నారాయన.

లోపలి అంచు పట్టుకుంటే అరుగూ వరండా పోతాయి, ఇల్లు ఉంటుంది. బయటి అంచు పట్టుకుంటే గోడా, గుంటా, కిటికీ అన్నీ పోతాయి. ఏ అంచో చెప్పింది ఎవరో ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. "చూస్తానండీ, మీరు వెళ్ళిరండి" అన్నాను.

వెళ్తూ ఆయన మాజీ కార్పొరేటరు గారి ఇంటికి కూడా వెళ్ళారట. ఆవిడ నిజాయితీగానే చెప్పింది. "బాబాయ్, నేనిప్పుడు ఏ పదవిలోనూ లేను. నేనెళ్తే ఆఫీసులో కుర్చీ కూడా వెయ్యట్లేదు. ఎలక్షన్లు రానియ్యి, చూద్దాం."

ఏకగ్రీవం

నేను పెద్దసారుకు నోట్ రాశాను. గీత మందం వల్ల హద్దు విషయంలో సందిగ్ధత ఏర్పడినదనీ, లోపలి అంచును హద్దుగా ఖరారు చేయవచ్చుననీ. గీత ఎందుకు మందంగా ఉందో రాయలేదు. బయటి అంచు అని ఎవరు చెప్పారో అసలే రాయలేదు. "ఏర్పడినది" అని రాస్తే చాలు, ఎవరూ ఏర్పరచనక్కర్లేదు. మా ఆఫీసు భాషలోని అందం అది.

ఫైలు నాలుగో రోజున తిరిగి వచ్చింది. పైన "చర్చించండి" అని ఉంది. చర్చించడానికి మూడు రోజులు ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నాను. మొదటి రోజు వీడియో కాన్ఫరెన్సు, రెండో రోజు మంత్రి గారి పర్యటన, మూడో రోజు మధ్యాహ్నం పిలిచారు.

అన్నీ విన్నారు. శ్రద్ధగానే విన్నారు, ఆ మాట చెప్పాలి.

"మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ కౌన్సిల్ తీర్మానం అయిపోయింది కదా. ఏకగ్రీవ తీర్మానాన్ని ఒక అధికారిగా నేనెలా మారుస్తాను?"

ఆయన మొహం కేసి చూశాను. నవ్వుతారేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు.

"కౌన్సిల్ కూడా తమరే కదా సార్."

"అది వేరే హోదా. హోదాలు కలపకూడదు సుగుణ గారూ. డెమోక్రసీలో ప్రొసీజర్ అంటూ ఒకటి ఉంటుంది."

ఆ మాట అన్నాక సీసా మూత తీసి నీళ్ళు తాగారు. నేను బయటికి వచ్చేశాను.

అప్పుడు నేను ఆయనతో, "సార్, గీత లావుగా గీసింది నేను, బయటి అంచు పట్టుకోమన్నదీ నేనే, ఇది డ్రాయింగు తప్పు, తీర్మానం జోలికి పోకుండా నా తప్పుగా దిద్దించండి" అని ఉంటే? సవరణ కాగితం ఒకటి చాలు. నాకు ఒక మెమో వచ్చేది. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చింది, అక్కడే ఆగింది. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది, మచ్చ లేని సర్వీసు, ఇప్పుడెందుకు అనుకున్నాను.

సగం బ్లేడు

ఇంకో దారి కూడా ఉంది. ట్రేసింగు కాగితం మీద ఇంకును బ్లేడుతో గీకితే పోతుంది. తప్పులు మేం అలాగే దిద్దుతాం. నా డ్రాయరులో సగానికి విరిచిన బ్లేడు ఎప్పుడూ ఉంటుంది. మర్నాడు భోజనాల వేళ సెక్షన్లో ఎవరూ లేరు. ఒరిజినల్ తీసి బల్ల మీద పరిచాను. బయటి సగం గీకేస్తే గీత సన్నమవుతుంది. కొత్త ప్రింటు తీసి, ఇదుగో సరైన ప్లాను అని సూర్యానికి ఇస్తే అతను పోయి గుర్తులు మార్చేస్తాడు. ఎవరికీ తెలియదు. తెలిసినా గీత సన్నగా ఉందని ఫిర్యాదు చేసేవాడు ఎవడు?

బ్లేడు పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను. ఆ తర్వాత ప్లాను చుట్టేసి బీరువాలో పెట్టేశాను.

ఎందుకు గీకలేదని లావణ్య అడుగుతుంది. నా దగ్గర ఒక మంచి సమాధానం ఉంది. ఆమోదం పొందిన ప్లానును నేను చాటుగా మారిస్తే, గోడ మీద మార్కరుతో గీసిన పెద్దసారుకూ నాకూ తేడా ఏముంది, నన్ను మాత్రం ఎవరు ఎన్నుకున్నారు అని. ఈ వాదన నాకు చాలా బాగా నచ్చుతుంది. చాలామంది మెచ్చుకున్నారు కూడా. అసలు సంగతి ఏమిటంటే భయపడ్డాను. నీతీ లేదు, పాడూ లేదు. గీకినట్టు తేలితే సస్పెన్షను.

పన్నెండు రోజులకు పడగొట్టే మిషన్లు వెళ్ళాయి. నేను వెళ్ళలేదు. డ్రాయింగు సెక్షను వాళ్ళు అక్కడికి వెళ్ళనక్కర్లేదు. సూర్యం వచ్చి చెప్పాడు. "ఆయన గొడవేం చెయ్యలేదు మేడమ్. ముందురోజే మగ్గం విప్పి కర్రలన్నీ తాళ్ళతో కట్టి పెట్టుకున్నాడు. నాంచారమ్మ గారే, గుంటలో మట్టి పోస్తుంటే చూళ్ళేక వెనక్కి వెళ్ళిపోయింది."

అందం

రోడ్డు పడింది. తిన్నగా, నల్లగా, నిజంగానే బాగుంది. చిన్న విశేషం ఒకటి జరిగింది. రోడ్డు వేసిన ఇంజనీర్లు గీతకు లోపలి అంచు పట్టుకున్నారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ ఎవరినీ అడగలేదు. దాంతో ఇళ్ళ వైపు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎనిమిది అడుగుల వెడల్పున నేల మిగిలిపోయింది. ఎవరికీ అక్కర్లేని నేల. మొదట పిచ్చిమొక్కలు మొలిచాయి, తర్వాత స్కూటర్లు పెట్టారు, తర్వాత పల్లీల బండి వచ్చింది.

పెద్దసారు ప్రమోషన్ మీద బదిలీ అయి వెళ్ళిపోయారు. ఆ రోడ్డు ఫొటో ఆయన వీడ్కోలు సభ బ్యానరు మీద ఉంది. ఆయన తర్వాత వచ్చినవారికి సుందరీకరణ ఇష్టం. ఆ నేల చుట్టూ ఇనుప కమ్మీలు వేయించారు, గడ్డి పెంచారు. మన సంస్కృతి ఉట్టిపడాలన్నారు. ఏం పెడదామని ఒక మీటింగు పెట్టి, నేతకారుడి విగ్రహం అని ఖాయం చేశారు. ఆ వీధిలో ఒకప్పుడు నేతపనివాళ్ళు ఉండేవారని ఎవరో ఆయనకు చెప్పారట. ఎప్పటి సంగతి అని ఆయన అడగలేదు. విగ్రహం ఎక్కడ రావాలో ప్లాను మీద చుక్క పెట్టింది నేనే. ఈసారి సన్నటి పెన్నుతో పెట్టాను.

ఆవిష్కరణకు సన్మానించడానికి ఒక అసలైన నేతకారుడు కావాలన్నారు. వీరాస్వామి గారి ఫోన్ నంబరు దొరికింది. మేం పడగొట్టిన ఇళ్ళ జాబితాలో ఉంది.

ఆయన వచ్చారు. అప్పటికి కంకిపాడు వెళ్ళిపోయి, ఒక బట్టల కొట్లో చీరలు మడత పెట్టే పని చేస్తున్నారు. శాలువా కప్పారు, ఫొటో తీశారు. అందరూ టిఫిన్ల దగ్గరికి వెళ్ళాక ఆయన విగ్రహం దగ్గరే నిలబడి ఉన్నారు, పక్కన నేనూ. సిమెంటు మనిషి సిమెంటు మగ్గం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కాళ్ళు గుంటలో ఉండాలి గదమ్మా" అన్నారు. "ఇట్టా కూర్చుంటే మగ్గం ఎట్టా ఆడుద్ది?"

పక్కనే ఉన్న ఇంజనీరు కుర్రాడు అందుకున్నాడు. "డిజైన్లో గుంట ఉందండీ. స్థలం చాలక తీసేశాం. మొత్తం ఎనిమిది అడుగులే కదా."

అతను కాఫీ కోసం వెళ్ళిపోయాడు. ఆయనా నేనూ మిగిలాం. నాకు ఇంకో నాలుగు నెలల సర్వీసు ఉంది. అప్పటికీ భయమే, కానీ ఆ సిమెంటు మోకాళ్ళను చూస్తూ ఇంక ఊరుకోలేకపోయాను.

"వీరాస్వామి గారూ, ఒక మాట చెప్పాలండీ. ఏ అంచు పట్టుకోవాలని ఆ రోజు సర్వేయరు నన్నే అడిగాడు. బయటిది పట్టుకోమన్నది నేనే. లోపలిది అని ఉంటే మీ గది ఉండేది."

ఆయన నా కేసి చూసి, శాలువా మడత పెట్టుకున్నారు. అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు, కొట్లో పెట్టినట్టే పెట్టారు.

"ఇన్నాళ్ళూ పెద్దసారే చేశాడనుకున్నానమ్మా" అన్నారు. "ఆయన బదిలీ మీద పోయాడంట గదా, ఇంకెవుర్ని అడుగుతాం అని ఊరుకున్నా. అయితే మీరు ఇక్కడే ఉన్నారన్నమాట."